గండికోట ఉత్తరాల నుంచి కువైట్ మాటల దాకా

పూర్వం రేనాడుగా పేరుపడ్డ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతానికి అన్యభాషల వారితో వ్యవహరించవలసిన అవసరం శతాబ్దాల నాటిదే అయినా, ఆ వ్యవహారం చాలాకాలం మూడో మనిషి నోటి గుండానో కలం గుండానో నడిచింది. ఇరువైపుల భాషలూ తెలిసి మాట చేరవేసే ఆ మధ్యవర్తిని దుబాసీ అనేవారు. డిజిటల్ మాధ్యమాలు ఇక్కడి సామాన్యుల జీవితంలో తెచ్చిన అసలు మార్పును వేగంలో కాక, ఈ మూడో మనిషికి పట్టిన గతిలో వెదకాలి.

పెన్నా లోయ అంచున ఉన్న గండికోటను పెమ్మసాని నాయకుల నుంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్న కొద్దికాలానికే, 1652లో, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అక్కడికి చేరాడు. పర్షియాలో పుట్టి గోల్కొండ కొలువులో ఎదిగిన మీర్ జుమ్లా, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల మధ్యా ఉత్తరాలు ఇరికించుకొని కూర్చుని, ఒక్కొక్కటే తీసి ఇద్దరు లేఖకుల చేత జవాబులు రాయిస్తూ, కొన్నిటికి తానే రాయడం ఆ వర్తకుడు చూసి తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. దేవాలయాల రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోసే పని అదే కోటలో మాయే అనే మరో ఫ్రెంచివాడికి అప్పగించారని కూడా ఆయన రాశాడు. తెలుగు నేల మీద పర్షియన్ సేనాని, ఫ్రెంచి వర్తకుడు, ఫ్రెంచి పోతపనివాడు కలిసిన ఆ ఘట్టంలో విగ్రహాలు పోగొట్టుకున్న స్థానికుల బాధ మనకు పరాయివాడి కలం గుండా మాత్రమే అందుతోంది. ఈ లోటు చిన్నది కాదు.

1820లో కడపకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ పండితులను సొంత ఖర్చుతో పోషించి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించినప్పుడూ, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినప్పుడూ ఆ మధ్యవర్తిత్వం ఉదాత్తరూపం దాల్చిందే గాని, దాని ఫలం అక్షరం వచ్చినవారికే దక్కింది.

1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనివాళ్ల అవసరం హెచ్చిన తరువాత, ఈ ప్రాంతం కూడా భాగమైన పూర్వపు కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, వేలాదిమంది కువైట్‌కు వలస వెళ్లారు. వారిలో ఇళ్లల్లో పనిచేయడానికి వెళ్లిన స్త్రీలు చాలామంది. ఊళ్లో చదువురానివారికి వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమానో, బడికి వెళ్లే పిల్లవాడో చదివి పెట్టవలసి వచ్చేది కనుక, భార్యాభర్తల కష్టసుఖాలు సైతం ఇతరుల చెవిన పడేవి. కొందరు మాటలను క్యాసెట్లలో నింపి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. తరువాత వచ్చిన ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌లలో మాట నేరుగా నడిచినా, మీటరు తిరుగుతుంటే మనసు విప్పడం సాధ్యమయ్యేది కాదు.

2013లో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే వెసులుబాటు రావడం, 2016 తరువాత మన దేశంలో మొబైల్ డేటా చౌక కావడం ఈ స్థితిని మార్చాయి. చదవడం, రాయడం రాని స్త్రీ తన సంగతిని తన గొంతుతోనే ఇంటికి చేరవేయగలగడం ఈ ప్రాంత చరిత్రలో గొప్ప సంఘటన; గండికోట నాటి సామాన్యుడికి దక్కనిది ఇదే.

అయితే ఇంటివారితో మాట సులువైనంతగా యజమానితో కాలేదు. కఫీల్, అంటే వీసాకు పూచీ పడే యజమాని, అతని కుటుంబం మాట్లాడే కువైటీ అరబ్బీ, గ్రంథాలలోని అరబ్బీకి దూరమైన వాడుక భాష కావడంతో ఫోనులోని అనువాదం తరచు తడబడుతుంది. వంటింట్లో విని విని నేర్చుకున్న అరబ్బీయే పనికి వస్తుంది. ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు, పనివేళల పరిమితి వంటి హక్కులు కల్పిస్తూ కువైట్ 2015లో చట్టం చేసినా, పనివారి ఫోనును యజమానులు తమ దగ్గర పెట్టుకునే ఇళ్లు ఉన్నాయి. అటువంటి ఇంట్లో పనిచేసే స్త్రీ ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయించేది ఇప్పటికీ మూడో మనిషే.