వేళ్ల పట్టులో ఒక రాజధాని

విశాఖపట్నం నుంచి ఓడపై అండమాన్ చేరే తెలుగు యాత్రికుడు మొట్టమొదట దర్శించేది సెల్యులర్ జైలునే. అది సహజం. రంప పితూరీ (1922–24) అనంతరం ద్వీపాంతర శిక్ష పొందిన మన్యం వీరులు కొందరు ఈ దీవులకే పంపబడ్డారు. అయితే ఆ జైలును శాసించిన అధికారపీఠం జైలులో లేదు; ఎదుటనున్న చిన్న ద్వీపంలో ఉండేది. రేవు నుంచి పడవపై కొద్ది నిమిషాల దూరం.

సముద్ర సర్వేయరు డేనియల్ రాస్ పేరిట వెలసిన రాస్ ద్వీపానికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని నామకరణం జరిగింది. విస్తీర్ణం చదరపు కిలోమీటరులో మూడవ వంతుకు మించదు. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండువందల మంది ఖైదీలతో ఈ దీవులలో దిగి, శిక్షాస్థావరం నెలకొల్పాడు. రాస్ ద్వీపంపై అడవి నరికినది ఆ ఖైదీలే. రాయి మోసినదీ వారే. తొలి నెలల్లో పారిపోయి పట్టుబడిన ఎనభై మందికి పైగా వాకర్ ఉరితీయించాడు. తరువాతి కాలంలో ఇక్కడ వెలసిన నృత్యశాల, టెన్నిస్ మైదానం, రొట్టెల భట్టీ, ముద్రణాలయం, చర్చిలను చూసి కొందరు దీనిని ‘ప్రాచ్య పారిస్’ అని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో ఖైదీ ప్రస్తావన లేదు.

ద్వీపంలో అత్యున్నత స్థలంపై ఛీఫ్ కమిషనర్ భవనం ఉండేది. 1872లో ఏర్పడిన ఆ పదవి కింద అండమాన్, నికోబార్ దీవులు రెండూ ఒకే పాలనలోకి వచ్చాయి. 1941 జూన్ 26 నాటి భూకంపంతో ద్వీపం దెబ్బతిన్నది. పాలనా కేంద్రం పోర్ట్ బ్లెయిర్‌కు మారింది. (ఆ నగరం 2024 నుంచి శ్రీ విజయపురం.) 1942 మార్చిలో జపాన్ సేనలు దీవులను ఆక్రమించాయి.

1943 డిసెంబరు చివర నేతాజీ ఈ దీవులకు వచ్చి, 30వ తేదీన పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. ఆయన బస ఈ భవనంలోనే. అదే సమయంలో, నీటికి ఆవలి ఒడ్డున సెల్యులర్ జైలులో డాక్టర్ దివాన్ సింగ్ జపాన్ అధికారుల చిత్రహింసలు అనుభవిస్తున్నారు. 1944 జనవరి 14న అక్కడే మరణించారు. ఆ వార్త నేతాజీ చెవిన పడకుండా జపానువారు జాగ్రత్త వహించారని చరిత్రకారులు భావిస్తారు. చరిత్ర పాఠాలలో పతాకావిష్కరణకు దక్కిన చోటు దివాన్ సింగ్‌కు దక్కకపోవడం విచారకరం.

1979లో ద్వీపం నౌకాదళ సంరక్షణలోకి వచ్చింది. నేడు కప్పులు లేవు. మర్రి జాతి చెట్ల వేళ్లు ఇటుక గోడలను నిలువునా పెనవేసుకున్నాయి. గోడను చీల్చినవి ఆ వేళ్లే, పడిపోకుండా పట్టి నిలిపినవీ అవే. వాటిని నరికితే గోడ కూలుతుంది. వదిలితే ఇటుకలు మరింత విడిపోతాయి. సంరక్షకులకు ఇది నిత్య సమస్య. ఈ చిక్కును పట్టించుకునే సందర్శకులు తక్కువ. పలువురు జింకలను చూసి, ఛాయాచిత్రాలు తీసుకొని, పడవ వేళకు దిగిపోతారు. కాస్త ఆగి తీరాన నిలిస్తే, ఆవలి ఒడ్డున సెల్యులర్ జైలు కనిపిస్తుంది.