పెద్దమనిషి కుర్చీ

తగువు పోలీసు స్టేషన్ మెట్లెక్కకముందే పెద్దమనుషుల్లో పెట్టుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. స్టేషన్లోని పోలీసే పెద్దమనిషై కూర్చున్న ఊరొకటి ఉండేదంటే మనకు నవ్వొస్తుంది. ఉండేది. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, మురంబిజీ నది ఒడ్డున. ఆ ఊరి పేరు వాగా వాగా. 1991లో టెర్రీ ఓకానెల్ అనే సార్జెంటు అక్కడ మొదలుపెట్టిన పని ఆరేడేళ్లలో పోలీసుల చేతిలోంచి జారిపోయింది. పనికిరాక పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

అంతకుముందు జరిగేది మనకూ తెలిసిన తంతే. దుకాణంలో ఏదో నొక్కేసిన కుర్రాణ్ణి, మొదటి తప్పు కదా అని, కోర్టుకు పంపకుండా స్టేషన్‌కు పిలిపిస్తారు. తల్లో తండ్రో పక్కన తలదించుకుని నిలబడతారు. అధికారి నాలుగు చివాట్లు పెట్టి పంపేస్తాడు. సొమ్ము పోగొట్టుకున్న మనిషి మాత్రం ఆ గదిలో ఉండడు.

పక్కనున్న న్యూజిలాండ్ 1989లో చట్టం చేసి పిల్లల నేరాలను కుటుంబ సమావేశాల ముందుకు తెచ్చింది. మావోరీల ఆచారాలు దానికి ఊపిరి. అదే ఏడాది జాన్ బ్రెయిత్‌వెయిట్ అనే ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త ఒక పుస్తకంలో సిగ్గు గురించి రాశాడు. వెలివేసే సిగ్గు మనిషిని ముదురు నేరగాణ్ణి చేస్తుందనీ, చేరదీసే సిగ్గు ఇంటికి చేరుస్తుందనీ ఆయన వాదన. ఈ రెంటినీ కలిపి నెత్తికెత్తుకున్నది వాగా పోలీసులు.

ఆ సమావేశానికి కుర్చీలు గుండ్రంగా వేసేవారు. కుర్రాడు, వాడి తరఫువాళ్లు, నష్టపోయినవాళ్లు, వాళ్ల తరఫువాళ్లు. అడిగేది పోలీసు, మొదటి మాట కుర్రాడిదే. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? నీవల్ల ఎవరికి ఏ కష్టం వచ్చింది? మెజిస్ట్రేటు ముందైతే వకీలు మాట్లాడతాడు, కుర్రాడు గోడకేసి చూస్తాడు. ఇక్కడ ఎదురుగా ఉన్నది తను దోచిన మనిషి ముఖం. ఆ మనిషి తన గోడు చెప్పుకున్నాక కుర్రాడి తల్లి వంతు వచ్చేది. చివర క్షమాపణ, సొమ్ము తిరిగివ్వడమో, పని చేసిపెట్టడమో. ఒప్పందం కాగితం మీద పెట్టేలోగా అందరికీ టీ, బిస్కెట్లు. అసలు పని ఆ టీ దగ్గరే జరిగేదని నా నమ్మకం. ఒప్పందాన్ని కోర్టూ రాయించగలదు.

కానీ వాగా విరాడ్జురి ఆదివాసుల నేల. సార్జెంటు కుర్చీలు సర్దుతున్న ఆ 1991లోనే, నిర్బంధంలో ప్రాణాలు పోయిన 99 మంది ఆదివాసుల గురించి రాయల్ కమిషన్ తుది నివేదిక ఇచ్చింది. ఆదివాసుల పిల్లల్ని ప్రభుత్వం తల్లుల నుంచి లాక్కుపోయిన రోజుల్లో ఆ పనికి వెళ్లినవాళ్లలో పోలీసులూ ఉన్నారు. అలాంటి ఇంటి అమ్మమ్మకు ఆ వలయంలో కనిపించేది పెద్దమనిషా, నీలి చొక్కానా? పట్టుకున్నదీ పోలీసే, విచారించిందీ పోలీసే, ఇప్పుడు తీర్పు దగ్గర కూర్చున్నదీ పోలీసేనా అని న్యాయవాదులు, ఆచార్యులు నిలదీశారు. సార్జెంటు మంచివాడు కావచ్చు. చొక్కా మాత్రం అతని ఒక్కడిది కాదు. ఈ వాదానికి నాకూ జవాబు దొరకలేదు.

1994లో న్యూ సౌత్ వేల్స్ పోలీసుల అవినీతి మీద వుడ్ కమిషన్ వేశారు. దాని తుది నివేదిక వచ్చిన 1997లోనే బాల నేరస్తుల చట్టమూ వచ్చింది. మందలింపు, హెచ్చరిక పోలీసులకే వదిలి, సమావేశాన్ని ఆ చట్టం బాలల న్యాయ శాఖకు అప్పగించింది. సమావేశం నడిపేందుకు జనంలోంచి మనుషుల్ని ఎంచి శిక్షణ ఇచ్చారు. అలా వాగాలో పుట్టిన ఆలోచన రాష్ట్రమంతటికీ చట్టమైంది. దాన్ని సాకిన చేతులకే అందులో చోటు తగ్గింది.

ఈలోగా ఊరి పేరు ఊరు దాటింది. ఇంగ్లండ్‌లో థేమ్స్ వ్యాలీ పోలీసులు, అమెరికాలో బెత్లెహెమ్ పోలీసులు ఆ పద్ధతిని ఎత్తుకున్నారు. కాన్‌బెర్రాలో 1995లో పరిశోధకులు కేసుల్ని చీటీలు తీసినట్టు విడదీసి, కొందరిని కోర్టుకూ కొందరిని పోలీసులు నడిపే సమావేశానికీ పంపారు. దెబ్బలాటల కేసుల్లో పట్టుబడ్డ యువకుల విషయంలో, కోర్టుకు వెళ్లినవాళ్లతో పోలిస్తే, నూరు మందికి ఏడాదికి 38 నేరాలు తగ్గాయి. తాగి బండి నడిపినవాళ్లలో ఆ మేలు కనబడలేదు, కాస్త పెరిగాయి కూడా. ఆ లెక్కలు 2000లో బయటికొచ్చాయి. అప్పటికి వాగాలో పోలీసు సమావేశాల కథ ఎప్పుడో ముగిసిపోయింది.

ఓకానెల్ ఆ తర్వాత దేశాలు తిరిగి ఇదే పని నేర్పుతూ వచ్చాడు. కొత్త చట్టం కింద కూడా సమావేశానికి పోలీసు రావచ్చు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకటి అతనికి ఉంటుంది. వచ్చి కూర్చుంటాడు. ఏం జరిగిందని కుర్రాణ్ణి అడిగేది మాత్రం పక్క కుర్చీలోని మనిషి.