బద్ర్ యోధులు, ఉమర్ (రజి) దీవాన్: గౌరవానికి కొలత ఏది?

యుద్ధంలో ప్రాణాలకు తెగించి నిలిచిన వారిని గౌరవించటం ప్రతి జాతికీ ఉన్న సంప్రదాయమే. ఆ రోజు తిరిగి వచ్చినప్పుడు సభలు జరుగుతాయి, పతకాలు మెరుస్తాయి, వృద్ధ సైనికులు ముందు వరుసలో కూర్చుంటారు. హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్ 17న (క్రీ.శ. 624 మార్చి) జరిగిన బద్ర్ సంగ్రామాన్ని కూడా ముస్లిం ప్రపంచం ఏటా స్మరిస్తూనే ఉంది. కేరళలో మోయిన్‌కుట్టి వైద్యర్ 1876లో దాన్ని మాప్పిళ పాటగా కూర్చాడు. అయితే ఆ యోధులు బ్రతికి ఉన్న కాలంలో ఆనాటి సమాజం వారిని ఎలా గౌరవించిందన్న ప్రశ్న మనలో కొద్దిమందే వేసుకుంటారు.

ముందుగా బద్రీ సహాబీ అంటే ఎవరో చూడాలి. ఆనాడు ప్రవక్త (స) వెంట నడిచినవారు మూడు వందల పదిమందికి పైచిలుకు. వారికి ఉన్నవి డెబ్బై ఒంటెలు, రెండు గుర్రాలు. పద్నాలుగు మంది అమరులయ్యారు. కాని జాబితా రణరంగంలో ఉన్నవారితో ముగియలేదు. జబ్బుపడిన భార్య రుఖయ్యా (రజి) సేవలో మదీనాలో ఉండిపోయిన ఉస్మాన్ (రజి)కు, శత్రువుల జాడ తీయటానికి వెళ్ళిన తల్హా (రజి), సయీద్ బిన్ జైద్ (రజి)లకు కూడా ప్రవక్త (స) వాటా ఇచ్చి వారిని బద్ర్ వారిలో లెక్కించారు. కత్తి పట్టటం ఒక్కటే సేవ కాదని దీని అర్థం.

విజయధనం విషయంలో యోధుల మధ్య భేదాభిప్రాయం వచ్చింది. అన్‌ఫాల్ సూరా అవతరించిన సందర్భం అదే. ఆ ధనాన్ని తమ చేతుల నుండి తీసుకొని ప్రవక్త (స) అందరికీ సమానంగా పంచారని ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖనం తెలుపుతోంది.

అమరుల స్మరణకు కూడా ఒక హద్దు ఏర్పడింది. బద్ర్ లో తండ్రిని కోల్పోయిన రుబయ్యి (రజి) పెండ్లి మరునాడు బాలికలు దఫ్ వాయిస్తూ ఆనాటి అమరులను తలచుకుని పాడుతున్నారు. ప్రవక్త (స) వచ్చి కూర్చున్నారు. ఒక బాలిక ఆయనకు రేపటి సంగతి తెలుసునని పాడగా, ఆ మాట మాని మునుపటి పాటే పాడమన్నారు. అమరుల స్మరణను ఆపలేదు, అతిశయోక్తిని మాత్రం ఆపారు.

అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో బైతుల్ మాల్ కు వచ్చిన ధనం అందరికీ సమానంగా పంచబడేది. ముందు వచ్చిన వారికి ఎక్కువ ఇవ్వవద్దా అని అడిగితే, వారి సేవకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉందని, ఇది బ్రతుకుతెరువు కనుక ఇందులో సమానత్వమే మేలని ఆయన భావించారు. ఉమర్ (రజి) అభిప్రాయం వేరు. ప్రవక్త (స)కు ఎదురు నిలిచి పోరాడినవారినీ, ఆయన పక్షాన పోరాడినవారినీ ఒకే తక్కెడలో తూచలేనన్నారు.

హిజ్రీ 20 ప్రాంతంలో ఆయన దీవాన్ అనే భృతుల పట్టిక ఏర్పరచారు. బద్ర్ యోధునికి ఏటా ఐదు వేల దిర్హములు. తరువాత ఇస్లాం కోసం పోరాడినవారికి కాలక్రమాన్ని బట్టి తగ్గుతూ వచ్చింది. బద్ర్ తరువాత పుట్టిన హసన్, హుసైన్ (రజి)లకు కూడా ప్రవక్త (స) బంధుత్వం దృష్ట్యా ఐదు వేలే. తన సొంత కుమారుడు అబ్దుల్లా (రజి)కు మాత్రం ఉసామా బిన్ జైద్ (రజి) కన్నా తక్కువ వ్రాశారు. కుమారుడు కారణమడిగితే, ఉసామా తండ్రి నీ తండ్రి కన్నా ప్రవక్త (స)కు ప్రియతముడని జవాబిచ్చారు.

ఈ భృతికి అరబీలో పేరు 'అతా'. నిఘంటువు ప్రకారం దానికి దానం, కానుక అని అర్థం. తెలుగు చేసేటప్పుడు ఆ మాటలు వాడితే చరిత్ర తప్పుదారి పడుతుంది. ఉర్దూ గ్రంథకర్తలు 'వజీఫా' అంటారు. హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగ విరమణ పింఛనుకు ఉన్న పేరు కూడా అదే. ఈ ధనంలో ప్రతి ముస్లింకూ హక్కు ఉందని, తాను బ్రతికి ఉంటే సన్ఆ కొండల్లోని పశువుల కాపరికి కూడా ఉన్నచోటనే అతని వాటా అందుతుందని ఉమర్ (రజి) ప్రకటించారు. హక్కుగా అందేదాన్ని దానమనటం పుచ్చుకునేవాణ్ణి చిన్నబుచ్చటమే. కనుక 'భృతి' అన్న మాటే దీనికి దగ్గర.

బద్రీలకు మన్నన ఉండేది గాని, విచారణ నుండి మినహాయింపు లేదు. హిజ్రీ 8లో ముస్లింల ప్రయాణ సన్నాహాన్ని రహస్యంగా మక్కావారికి వ్రాసిన హాతిబ్ (రజి)ను ప్రవక్త (స) పిలిపించి సంజాయిషీ అడిగారు. ఆయన నిజం చెప్పాక, బద్ర్ లో పాల్గొన్నాడన్న సంగతి గుర్తుచేసి మన్నించారు. సహ్ల్ బిన్ హునైఫ్ (రజి) మరణించినప్పుడు జనాజా నమాజు చేయించిన అలీ (రజి), ఆయన బద్ర్ లో పాల్గొన్నవాడని ప్రజలకు తెలియజేశారు. ఆ ఒక్క మాటే ఆయనకు దక్కిన పతకం.

చివరకు ఏది నిలిచింది? మరుసటి సంవత్సరం దాకా బ్రతికితే చివరివారిని మొదటివారితో కలిపి భృతులన్నీ సమానం చేస్తానని ఉమర్ (రజి) చివరిదశలో అన్నట్లు ఇమామ్ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్' లో ఉల్లేఖించారు. హిజ్రీ 23లో ఆయన షహీదయ్యారు. అలీ (రజి) తన కాలంలో సమాన పంపిణీకే మరలారు.

ఇద్దరు మహనీయుల ఇజ్తిహాద్‌లో ఒకదాన్ని తప్పనటం మన పని కాదు. కాని బద్ర్ మైదానంలోని సమాన పంపిణీ నుండి చూస్తే, అబూబక్ర్ (రజి) గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. గౌరవం వేరు, కూడు వేరు. గౌరవంలో హెచ్చుతగ్గులు ఉండవచ్చు. కూడు మాత్రం యోధునికీ, యోధుని వెనుక వచ్చినవానికీ ఒక్కటే. ఏడాదికొక్క రోజు వృద్ధ సైనికుని మెడలో పూలమాల వేసే సమాజాలు, మిగిలిన రోజుల్లో అతని ఇంట పొయ్యి వెలుగుతున్నదో లేదో చూచుకోవాలి. ఉమర్ (రజి) పట్టిక వ్రాయించింది అందుకే.