తెత్: వియత్నాము సంవత్సరాదియు యాత్రికుడును

వియత్నాము ప్రజల చాంద్రమాన సంవత్సరాదికి తెత్ అని పేరు. ఇది జనవరి చివరి పది దినములు మొదలుకొని ఫిబ్రవరి మూడవ వారములోపుగా, ప్రాయికముగా మన మాఘ శుద్ధ పాడ్యమి ప్రాంతమున వచ్చును. చైనా సంవత్సరాదియు సాధారణముగా ఆనాడే యైనను, అమావాస్యను హనోయి కాలమానము ననుసరించి గణించుటచే అరుదుగా భేదము కలుగును. 2007లో వియత్నామునకు ఫిబ్రవరి 17న పండుగ కాగా, చైనాకు మఱునాడైనది.

ఇది ప్రధానముగా గృహపర్వమగుటచే, సరిగా పండుగనాటికి చేరిన విదేశీయునికి మూతవడిన అంగళ్లును నిర్జనములైన వీధులును మాత్రమే కానవచ్చును. స్వగ్రామములకు మరలు జనముచే రైలు టిక్కెట్లు ఎన్నో వారములకు ముందే చెల్లిపోవును. కావున చూడగోరువాడు పండుగకు ముందటి పక్షముననే చేరుట మేలు.

పండ్రెండవ చాంద్రమాసమున 23వ నాడు వంటయింటి దేవతలు కార్ప్ చేపల నధిరోహించి, ఇంటివారి సంవత్సర చరిత్రను స్వర్గాధిపతికి నివేదింప బోవుదురను విశ్వాసముచే, హనోయి వాసులు ఆ చేపలను చెరువులందును ఎఱ్ఱనదియందును విడుతురు. చేపను విడువుడు గాని ప్లాస్టిక్ సంచిని విడువకుడని లాంగ్ బియెన్ వంతెనపై యువకులు పలకలు పట్టి నిలుచుట ఈ కాలపు ముచ్చట. పిదప ఉత్తరమున గులాబివన్నె పీచు పూలకొమ్మలును, దక్షిణమున పసుపుపచ్చని మాయ్ పూలును, కాయలతో వంగిన చిఱునారింజ మొక్కలును మోటారుసైకిళ్లపై ఊరేగును. హో చి మిన్ నగరమున ఙుయెన్ హువె వీధిని 2004 నుండి ఏటేట పుష్పవీథిగా అలంకరించుచున్నారు.

జిగురుబియ్యము, పెసరపప్పు, క్రొవ్వుగల పందిమాంసము ఆకులలో చతురస్రముగా చుట్టి, పది పండ్రెండు గంటలు ఉడికించు బాన్ చుంగ్ ఈ పర్వమునకు ముఖ్యభక్ష్యము. దరిద్రుడైన లాంగ్ లియేవ్ అను రాకుమారుడు భూమికి ప్రతీకగా దీనిని సమర్పించి సింహాసనము గెలిచెనని ఐతిహ్యము. శాకాహారులు నిరాశ చెందనక్కఱలేదు: మాంసరహితమైన రకమును కలదు, పైగా తొలినాడు బౌద్ధులనేకులు శాకాహారమే భుజింతురు.

ప్రేలెడు బాణసంచాను ప్రజలు కాల్చుట 1995 నుండి నిషిద్ధము. అర్ధరాత్రమున నగరపాలకులే ఆకాశమున కాల్పింతురు. తెల్లవాఱిన పిదప మాత్రము యాత్రికుడు జాగరూకుడు కావలెను. సంవత్సరమున తొలుత గడప దాటి వచ్చువాని శీలమును జన్మసంవత్సరమును బట్టి ఆ ఇంటి భాగ్యము నిర్ణయమగునని నమ్మి, తగినవానిని ముందే కోరి పిలుచుకొందురు గనుక, యాత్రికుడెంత సౌమ్యుడైనను పిలువని యింటికి పోరాదు. పిలిచిన యింట పిల్లలకు ఎఱ్ఱని కవరులలో క్రొత్త నోట్లు పెట్టి యిచ్చుట మర్యాద. ఆచారము చొప్పున తొలినాడు తండ్రివైపు వారిని, రెండవనాడు తల్లివైపు వారిని, మూడవనాడు గురువును దర్శింతురు.

ఆహ్వానము లభింపని యాత్రికునికి ఐదవనాడు హనోయిలోని దోంగ్ దా ఉత్సవము మిగిలియుండును. 1789లో అదే తిథిని వియత్నాము చక్రవర్తి క్వాంగ్ త్రుంగ్ చైనా చింగ్ వంశపు సేనలను ఓడించెను. పండుగనాళ్లలో శత్రువు ఏమఱియుండునని యెంచి, ఆయన తన సైనికులచే తెత్‌ను ముందుగానే జరిపించి దండు నడపెనని చెప్పుదురు.