వేకువ చదువులు: వీధిబడి నుంచి మన వరండా దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు ధనుర్మాసం క్లాసు గురించి రాస్తానన్నాను. ఆయన నాకంటే రెండేళ్లు చిన్న. "పొంగలి క్లాసేనా అన్నా?" అని నవ్వాడు. అవును, అదే. కానీ ఆ క్లాసు సంగతి చెప్పాలంటే ముందు ఓ నూట అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. కాస్త ఓపిక పట్టండి.

మన అనంతపురం జిల్లా పుట్టింది 1882లో. అంతకు ముందు ఇదంతా బళ్ళారి జిల్లాలో భాగం. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రతి కలెక్టరుకూ ఒక ఉత్తర్వు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ ఏ కులాలవాళ్లు, ఏం చదువుతున్నారు, లెక్క రాసి పంపమని. దత్తమండలాలకు కలెక్టరుగా చేసిన మనిషి కాబట్టి మన్రో పేరు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. బళ్ళారి నుంచి జవాబు రాసిన కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. ఈయన మామూలు కలెక్టరు కాదు. బ్రౌన్ దొర కంటే ముందే, 1816లో, ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించినవాడు. అందుకే 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదికలో ఒట్టి అంకెలే కాక బడి లోపలి సంగతులు కూడా ఉన్నాయి. ధరంపాల్ ఆ కాలపు కాగితాలన్నీ వెలికితీసి 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంగా వేశారు. నేను దాన్ని మా ప్లాంటు లైబ్రరీలో, నైట్ షిఫ్టుకు ముందు చదివాను.

జిల్లా మొత్తానికి 533 బడులు. అందులో తెలుగు బడులు 226. పిల్లలు 6,641 మంది. బడి ఉదయం ఆరింటికి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు, వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అక్కడి నుంచి వచ్చినవాడికల్లా ఒక్కోటి పెరుగుతుంది. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేశాను. సగటున బడికి పన్నెండు మంది పిల్లలు. అంటే ఆఖరివాడికి పది దెబ్బలు, బడి మొత్తానికి రోజూ యాభై అయిదు. ఇది ఆలస్యానికి మాత్రమే. చదవనివాడిని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారనీ, గుంజిళ్లు తీయించేవారనీ కూడా క్యాంప్‌బెల్ రాశాడు. కోదండం అన్నమాట మా తాతల నోట విన్నవాళ్లకు ఇదేమీ ఆశ్చర్యం కాదు.

ఆ బడుల్లో చదివేది రామాయణ, భారత, భాగవతాలు. పిల్లలు పద్యాలకు పద్యాలు కంఠతా పట్టేవాళ్లు. కానీ వాటి అర్థం చిలకకు తెలిసినంత కూడా వాళ్లకు తెలియదని దొర ఫిర్యాదు. ఆయన దొరతనాన్ని కాస్త తీసేసినా ఆ మాటలో నిజం ఉంది. ఇంకో అంకె కూడా చెప్పాలి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. జనం పేదవాళ్లయిపోతున్నందువల్ల ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు బడులు లేవని కూడా ఆయనే రాశాడు. తర్వాత సర్కారు పద్ధతి బడులు వచ్చాయి, పది గంటల బెల్లు వచ్చింది. వేకువ చదువు బడి నుంచి జారి గుడికీ, మసీదుకూ, మిషను హాస్టళ్లకూ, ఇళ్లల్లో పెద్దవాళ్ల చాదస్తానికీ మిగిలింది.

ఇక మన సంగతి. 1982 డిసెంబరులో నేను తొమ్మిదో తరగతి. మన తెలుగు మాస్టారు ఊరి గుడి మండపంలో ధనుర్మాసం నెల రోజులూ తిరుప్పావై చెబుతారని తెలిసింది. అయిదింటికల్లా స్నానం చేసి రావాలి. అర్ధగంట పాశురం, ఆ తర్వాత ఆరున్నర దాకా ఎవరి పాఠం వాళ్లు చదువుకోవడం. చివర్లో గుడి పొంగలి. ఆ చివరి మాటే ఊళ్లో బాగా పాకింది. నలభై ఆరు మందిమి పోయాం.

తిరుప్పావై గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు పెంచిన కూతురు గోదాదేవి, అంటే ఆండాళ్, తమిళంలో పాడిన ముప్పై పాశురాలు ఇవి. రోజుకొకటి చొప్పున నెలకు సరిపోతాయి. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతం బదులు ఇవే చదువుతారు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాసింది ఈ అమ్మాయి కథనే. మాకు తమిళం ఒక్క ముక్క రాదు. అర్చకస్వామి పాడితే తెలుగు లిపిలో రాసుకుని పాడేవాళ్లం. అంతటితో ఆగి ఉంటే క్యాంప్‌బెల్ చిలకలకూ మాకూ తేడా ఉండేది కాదు. మాస్టారు ఆగలేదు. పాశురం అయ్యాక ఒక్కో మాటా విప్పి చెప్పేవారు. రెండో పాశురంలో ఆ పిల్లలు తమకు తామే పెట్టుకున్న నియమాలుంటాయి. నెయ్యి తినం, పాలు తాగం, తెల్లవారుజామునే స్నానం చేస్తాం, కాటుక పెట్టం, పూలు ముడవం, చాడీలు చెప్పం, అడిగినవాళ్లకు పెడతాం, అని. "ఇవి ఎవరూ వాళ్లకు చెప్పినవి కాదు నాయనా, చూడండి. పెద్దవాళ్లెవరూ ఈ పాటలో బెత్తం పట్టుకుని లేరు" అన్నారు. అప్పుడు నా ధ్యాస వంటశాల వైపు వచ్చే నేతి వాసన మీద ఉంది.

ఆ సంవత్సరం హరిజనవాడ నుంచి మన బడికొచ్చే ఇద్దరు పిల్లలు, ఒకడు నా బెంచీవాడే, మండపంలోకి రాలేదు. రావద్దని వాళ్లతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా ఊరు ఎప్పుడో ఏర్పాటు చేసి పెట్టింది. గుడి ఎదురుగా వేపచెట్టు కింద నిలబడి వినేవాళ్లు. మేం చూశాం. చూసి పొంగలి తిన్నాం. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు మాస్టారు తెలుగు నోట్‌బుక్కులు దిద్దుతూ నా బెంచీవాడి పుస్తకం వెనక పేజీల్లో పాశురాలు చూశారు. దూరం నుంచి విని రాసినవి కాబట్టి అన్నీ తప్పులే. కానీ ముప్పైకి ముప్పై ఉన్నాయి. మాస్టారు ఏమీ అనకుండా ఎర్ర సిరా పెన్నుతో ముప్పయ్యీ దిద్ది ఇచ్చారు.

1983 డిసెంబరులో క్లాసు మన బడి వరండాకు మారింది. మనది ఎయిడెడ్ స్కూలు కదా, హెడ్మాస్టరు గారు ముందు సంకోచించారు. రావాలనుకునే ప్రతి పిల్లవాడూ ఇంటి నుంచి సంతకం పెట్టించిన చీటీ తేవాలన్నారు. అదేదో ఆయన చాదస్తమనుకున్నాం. చాలా ఏళ్లకు తెలిసింది, రాజ్యాంగం 28వ అధికరణం చెప్పేది సరిగ్గా అదే: ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో మత బోధకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు, మైనరయితే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. నా చీటీ మీద మా నాన్న సంతకం. నా బెంచీవాడి చీటీ మీద వాళ్ల నాయన వేలిముద్ర.

గుడి నుంచి పొంగలి రావడం ఆగిపోయింది. అర్చకస్వామి కూడా రాలేదు. మాస్టారే పాడారు, అంత బాగా కాదు. మొదటి రోజు ముప్పై మంది పైన వచ్చాం. మూడో రోజుకు మిగిలింది పదకొండు మంది.

ఆ పదకొండు మందిలో నేను లేను. ఇది నలభై ఏళ్లుగా నా తోటివాళ్లకు తెలిసిన సంగతే, అచ్చులో ఒప్పుకోవడం ఇదే మొదలు. చలి అని అమ్మతో చెప్పాను. పదో తరగతి, రాత్రి పొద్దుపోయేదాకా చదువుతున్నానని నాన్నతో చెప్పాను. రెండూ అబద్ధాలే. మాస్టారు పీరియడులో నన్ను ఏమీ అడగలేదు. హాజరు పట్టీ లేదు, పేర్లు పిలవడం లేదు. ఆ వేకువ క్లాసులో వీధిబడి ఆచారం ఒక్కటే మిగిలింది, అందరికంటే ముందొచ్చినవాడు ఆ రోజు పాశురం బోర్డు మీద రాయాలి. సున్న లేదు, దెబ్బలు లేవు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

మా వీధిలోనే ఉండే నా మిత్రుడు ఒకడు రోజూ ఫజర్ నమాజు వేళకు మసీదుకు పోయి, అక్కడే అరబ్బీ చదువు ముగించుకుని బడికొచ్చేవాడు. మొదటేడు మేమిద్దరం చీకట్లో వీధి చివరిదాకా కలిసి నడిచి చెరో వైపు తిరిగేవాళ్లం. ఒకరోజు సాయంత్రం అడిగాడు: "ఏంరా, మీ సారు చెప్పడం నిలిపేసినాడా?"

"లేదు. నేనే పోవడం లేదు."

వాడింక ఏమీ అడగలేదు. మర్నాడు తెల్లవారుజామున వాడి చెప్పుల చప్పుడు మా గుమ్మం ముందుగా పోవడం పడుకునే విన్నాను. ఆ మర్నాడు కూడా. మూడో రోజు లేచాను.

అది ధనుర్మాసంలో పదమూడో రోజు. తిరుప్పావైలో ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా ఏముంటుందో తెలిసినవాళ్లకు ఇక్కడ నవ్వు రావాలి. ఆ పదింటిలోనూ లేచిన అమ్మాయిలు ఇంకా నిద్రపోతున్న ఒక్కో అమ్మాయి ఇంటి ముందుకెళ్లి లేపుతారు. నేను ఆ పాశురాల్లో ఏడింటిని దుప్పట్లో దాటేశాను. వరండాలోకి వెళ్లేసరికి నా బెంచీవాడు బోర్డు మీద రాస్తున్నాడు. వెనక్కి చూసి చాప మీద తన పుస్తకాలు పక్కకు జరిపాడు. మాస్టారు రాగం ఆపకుండానే తలాడించారు. అంతే.

ఆ పదకొండు మందీ గొప్పవాళ్లయ్యారని రాస్తే అబద్ధం. ఇద్దరు పదో తరగతి తప్పారు. అందులో ఆడపిల్లలు అసలు లేరు. ఆ చీకట్లో ఎవరూ పంపేవాళ్లు కాదు. ఒక అమ్మాయి పాడిన పాటను మగపిల్లలమే కూర్చుని నేర్చుకున్నాం, క్యాంప్‌బెల్ కాలంలో అరవై మందైనా ఉన్నారు. నాకు భక్తి పెద్దగా అబ్బలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అబ్బిందేమిటో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. థర్మల్ ప్లాంటులో గంటగంటకూ మీటర్లు చూసి లాగ్‌షీటులో అంకెలు వేయాలి. రాత్రి మూడింటికి ఎవరూ చూడరు. కుర్చీలో కూర్చుని రెండింటి అంకెలకు అటూ ఇటూగా మూడింటి అంకెలు వేసేయవచ్చు, వేసేవాళ్లనూ చూశాను. నేను లేచి వెళ్లి చూసేవాణ్ణి. ప్రతిసారీ అని చెప్పను. లేవనప్పుడల్లా గుమ్మం ముందు చెప్పుల చప్పుడు వినిపించేది.

ఇప్పుడు మన పిల్లల్లో సగం మంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్నారు. అయిదింటికి విజిల్, వార్డెను, స్టడీ అవర్, హాజరు. నా కొడుకు రెండేళ్లు అలాగే లేచాడు. ఇంటికొచ్చిన మొదటి వారమే తొమ్మిదింటిదాకా పడుకున్నాడు, నేనేమీ అనలేకపోయాను. వాడు లేవలేదు, వాడిని లేపారు. ఫీజు కట్టింది నేనే.

మాస్టారు రిటైరయిన ఏడాదితో ఆ క్లాసు ఆగిపోయింది. నా 1983 నోట్‌బుక్కు ఇంకా ఉంది. మొదటి రెండు పాశురాలున్నాయి, మూడు నుంచి పన్నెండు దాకా పది పేజీలు ఖాళీ, అక్కడి నుంచి ముప్పై దాకా ఉన్నాయి. పుస్తకాల షాపులో అచ్చు ప్రతి దొరుకుతుంది కానీ దాన్ని చూసి ఆ పేజీలు నింపాలని ఎప్పుడూ అనిపించలేదు. నా బెంచీవాడు స్వర్ణోత్సవానికి వస్తున్నానని చెప్పాడు. ఎర్ర సిరాతో దిద్దిన నోట్‌బుక్కు తన దగ్గరే ఉందట. తెమ్మన్నాను, రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని రాసుకుంటాను.