కల్యాణము – విటెన్‌బర్గు

చిరాగ్‌పల్లి దాటి బొంబాయి బాటను పడమరగా పోయినచో తెలంగాణపు టెల్ల ముగిసి కర్ణాటక మారంభమగును. ఆ బాటనే హుమ్నాబాదు మీదుగా కొంతదూరము సాగి, పిదప లోనికి మరలినచో బసవకల్యాణము చేరుదుము. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు మా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. కావున కల్యాణము మాకు పరదేశము కాదు. మెడలో లింగమును ధరించువారు మా పల్లెలలో నేటికిని గలరు.

ఇటీవల మేము పాఠశాలలో ఐరోపా మతసంస్కరణమును బోధించుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, మతపెద్దల నెదిరించినవారు మన దిక్కున ఎవ్వరును పుట్టలేదా?” యని యడిగెను. ఆ ప్రశ్న మమ్ము సిగ్గుపఱచినది. కల్యాణమునకు పోవు బాట ప్రక్కనే యుండి, మేము బాలురను జర్మనీకి మాత్రమే తీసికొనిపోయితిమి. ఆ లోపమును దీర్చుకొనుటకే యీ వ్యాసము.

మార్టిన్ లూథరు 1483లో జన్మించి, సన్యసించి, విటెన్‌బర్గు విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రమును బోధించుచుండెను. ఆ కాలమున రోమునగరములో సెయింట్ పీటరు దేవాలయ నిర్మాణమునకు ధనము కావలసియుండెను. పాపములకు విధింపబడిన శిక్ష తగ్గునని చెప్పి క్షమాపత్రములను ప్రజల కిచ్చి ద్రవ్యము గ్రహించుచుండిరి. లూథరు దీనిని ఖండించుచు 1517 అక్టోబరు 31వ తేదీన తొంబదియైదు ప్రతిపాదనములను ప్రకటించెను. 1520లో పోపు పంపిన శాసనపత్రమును బహిరంగముగా దగ్ధము చేసెను. 1521 జనవరిలో పోపు పదవ లియో ఆయనను వెలివేసెను. అదే సంవత్సరము ఏప్రిలులో వర్మ్సు సభయందు చక్రవర్తి యెదుట నిలువబెట్టి గ్రంథములను నిరాకరింపుమనగా, లూథరు నిరాకరింపడయ్యెను. పిదప వార్ట్‌బర్గు కోటలో దాగియుండి క్రొత్త నిబంధనమును జర్మనుభాషలోనికి తెచ్చెను. అది 1522లో అచ్చుపడెను. 1529లో స్పైయరు సభయందు ఆయన పక్షపు ప్రభువులు తెలిపిన నిరసననుబట్టియే వారికి ప్రొటెస్టంటులను పేరు గలిగినది.

దీనికి మూడున్నర శతాబ్దములకు పూర్వమే కల్యాణమున నేమి జరిగెనో చూతము. చాళుక్యుల సింహాసనమును 1157 ప్రాంతమున కలచురి బిజ్జలుడు వశపఱచుకొనెను. ఆయన కొలువున భాండారమునకు అధికారియైన బసవేశ్వరుడు బ్రాహ్మణకులమున పుట్టినవాడు. బాల్యమందే ఉపనయనమును త్రోసిపుచ్చినవాడు. దేవుడు గుడిలో బందీగా నుండడనియు, భక్తుని దేహమే ఆలయమనియు ఆయన బోధించెను. ఇష్టలింగము మెడలో నున్నవానికి పూజారి యేల? దక్షిణ యేల? మడి యేల? ప్రతి మనుష్యుడును దేవుని యెదుట తానే నిలువవలెనని లూథరు తరువాతికాలమున వాదించిన దానికిని, దీనికిని గల పోలిక స్పష్టము.

అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడుగా జరిగిన గోష్ఠులలో పడవ నడపు చౌడయ్య, బట్టలుదుకు మాచయ్య మున్నగువారు పండితులతో సమముగా కూర్చుండిరని సంప్రదాయము. అక్కమహాదేవివంటి స్త్రీలు వాదములలో పాల్గొనిరి. శరణులు తమ యనుభవములను సంస్కృతమున గాక కన్నడమున వచనములుగా పలికిరి. పనియే పూజ యని నమ్మి, చెప్పులుకుట్టుటకును మంత్రిత్వమునకును వారు సమానగౌరవ మిచ్చిరి.

ఇంతవరకును రాజు సహించెను. చిక్కు పెండ్లియొద్ద వచ్చినది. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము జరిపిరని వీరశైవ సంప్రదాయము చెప్పును. ఛాందసులు గగ్గోలుపెట్టగా, బిజ్జలు డా తండ్రు లిరువురకును మరణదండన విధించెనట. బసవేశ్వరుడు కూడలసంగమమునకు వెడలిపోయెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు చెల్లాచెదరైరి.

చదువరు లొక విషయమును గమనింపవలెను. మతాధికారము మాటలను కొంతకాలము సహించును. ఆదాయమును ముట్టినను, కుటుంబములోనికి వచ్చినను సహింపదు. క్షమాపత్రముల మాట రోము రాబడిని ముట్టెను. హరళయ్య యింటి పెండ్లి కులము వ్రేళ్లను ముట్టెను. లూథరు సయితము 1525లో, సన్యాసినిగా నుండి మఠమును విడిచిన కేథరినాను వివాహమాడి లోకనింద కెరయయ్యెను. సంస్కరణము గ్రంథమునుండి గృహమునకు దిగినప్పుడే అసలు పరీక్ష.

ఇరువురి భాగ్యములు మాత్రము వేఱు. లూథరునకు సాక్సనీ ప్రభువు ఫ్రెడరికు ఆశ్రయ మిచ్చెను. అచ్చుయంత్రము ఆయన మాటను దేశమంతట చల్లెను. బసవేశ్వరునకు ఆశ్రయ మిచ్చిన రాజే విరోధి యయ్యెను. అచ్చుయంత్రము చేయవలసిన పనిని ఆయనకు చేసిపెట్టినది మన తెలుగుకవి. కాకతీయయుగమువాడైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును వ్రాసెను. మార్గకవిత్వమును విడిచి, స్త్రీలును పామరులును పాడుకొను ద్విపదను, జాను తెనుగును ఆయన చేపట్టుట యాదృచ్ఛికము కాదు. లూథరు జర్మనుభాషను చేపట్టిన కారణమే దీనికిని కారణము. బసవని కన్నడదేశమే 1369లో భీమకవిద్వారా ఆ పురాణమును తెలుగునుండి తెచ్చుకొన్నది.

అయినను తెలుగునాట అందఱును బసవని త్రోవను పూర్తిగా నడువలేదు. శివతత్త్వసారకర్తయైన మల్లికార్జున పండితారాధ్యుడు గొప్ప శివభక్తుడు; కాని బ్రాహ్మణాచారమును వీడలేకపోయెను. ఆయన వెనుక నడచిన ఆరాధ్యులు లింగమును, యజ్ఞోపవీతమును రెంటిని ధరించిరి. ఐరోపాలో ఎరాస్మసు సైతము క్రైస్తవపీఠపు దోషములను హేళన చేసియు, 1536లో మరణించువరకు దానిని విడువడయ్యెను. ఇట్టివారిని పిఱికివారనుట సులభము. మేమట్లనము, కారణము తుదిని చెప్పెదము.

మఱి యెదిరించి గెలిచినవారి సంగతి యేమి? 1525లో జర్మను రైతులు తిరుగబడినప్పుడు లూథరు ప్రభువులను సమర్థించెను. కాల్విను ప్రాబల్యము గల జెనీవాలో, పోపును కాదన్నవారే, 1553లో సెర్వెటసును మతద్రోహియని సజీవదహనము చేసిరి. రోమును విడిచిన ఇంగ్లండు మతసంస్థలో గుడులు తనకు మూతపడగా, జాన్ వెస్లీ 1739లో బయళ్లలో ప్రసంగించెను. ఆ వెస్లీ శాఖవారే మా పూర్వపు జిల్లాలోని మెదకునకు వచ్చిరి. పాస్నెట్టు దొర కరవుకాలమున బీదలకు పనికల్పించుచు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠితమైనది. నిరసన పీఠమగుట, ఆ పీఠముపై మఱల నిరసన పుట్టుట — ఇదియే ఆ చరిత్ర.

మనవైపునను అంతే. గుడిని కాదన్న శరణుల పేర మఠములు వెలసినవి. పూజారిని కాదన్నచోట జంగమయ్య పూజ్యుడయ్యెను. కులమును కాదన్నవారి సంతతిలో ఉపకులములు లెక్కించి పిల్లనిచ్చుచున్నారు. ఒక మతమును నిందించుటకు మే మిది వ్రాయుటలేదు. సంస్కరణము తాతలు సంపాదించి యిచ్చిన మాన్యము వంటిది కాదు. ప్రతితరమును మఱల దున్నుకొనవలసిన పొలము.

ఇక మా సంగతి. కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో ఒక యమ్మాయి వేఱొక కులపు యువకుని వివాహమాడెను. ఆమె తండ్రి మాయింటికి వచ్చి శుభలేఖ నిచ్చి, “మీరు చదువుకొన్నవారు, మీరైనను రండి” యని చేతులు పట్టుకొనెను. మేము పెద్దలకు వెఱచి, జ్వరమని చెప్పి పోమైతిమి. ఆ వారమే బడిలో, వర్మ్సు సభయందు లూథరు చూపిన ధైర్యమును ఉత్సాహముతో వర్ణించితిమి. పండితారాధ్యుని పిఱికివాడనుటకు మాకు నోరు రాకపోవుట కిదియే కారణము. ఆయన తన బలహీనతను దాచక వాపోయెనని ప్రతీతి. మేమో జ్వరము చాటున దాగితిమి.

బాలుని ప్రశ్నకు మఱునాడు సమాధానము చెప్పితిమి. పుట్టిరి నాయనా, బొంబాయి బాటమీదనే పుట్టిరి. వారిని గూర్చి చెప్పుటకు మాత్రము మేము చాలకపోతిమి, అంటిమి. ఈ మాసమున ఆ దంపతులను, వారి బిడ్డలను భోజనమునకు పిలిచితిమి. ఆలస్యమైనది, నిజమే. అయినను విస్తళ్లు ఒకే వరుసను పఱచితిమి.