మరుగుదొడ్డి కుదురు

కుండ నిలువవలెనన్న దానిక్రింద నొక కుదురుండవలెను. ఈ సంగతి నెఱుగని తెలుగిల్లాలు లేదు. నేడు నేను చెప్పబూనినది కుండకుదురును గూర్చి కాదు. మరుగుదొడ్డియందలి పింగాణిపీఠమునకును, నేలలోని గొట్టమునకును నడుమనుండు కుదురును గూర్చి. ఇంగ్లీషువారు దీనిని ఫ్లాంజి యందురు. ప్రసంగము భోజనవేళకు రాదుగదా యని అడిగి తెలిసికొనిన పిమ్మటనే నేనీ విషయమునకు సమ్మతించితిని. సభలో పలుకదగని మాట యని కొందఱందురేమో! అమరసింహుడంతటివాడు మలమునకు పర్యాయపదములను కూర్చి మనచేత వల్లె వేయించెను. మనకేల సంకోచము?

ఈ చరిత్రపై నాకు దృష్టి కలుగుటకు మా యింటి నేలయే కారణము. మేడమీది స్నానపుగదిలో పాతబండలు అరిగిపోగా, వానిని పెఱికించు వ్యయమునకు వెఱచి, వానిపైననే క్రొత్త పలకలు పఱపించితిని. నేల అంగుళమునకు పైగా లేచినది. గొట్టపు మూతి పాతచోటనే యుండిపోయెను. నడిమి సందును మేస్త్రి సిమెంటుతో పూడ్చి, “పంతులుగారూ, ఇక దేవుడు దిగివచ్చినా కదల్చలేడండి” అనెను. మూడు మాసములకు క్రిందిగది కప్పున చెమ్మ కనబడినది. పిదప వాసన వచ్చినది. పీఠము నెత్తిచూచిన గొట్టపు పనివాడొకడు, “నేల లేచిందండి, గొట్టం లేవలేదు” అని యొక్కమాటతో శాస్త్రమంతయు చెప్పివైచెను.

మలమూత్రములను నివాసమునకు దూరముగా విసర్జింపవలెనని మనుస్మృతి శాసించుచున్నది. దూరమే నాటి రక్షణము. మొహెంజొదారోలో నాలుగువేల యేండ్లకు పూర్వమే ఇండ్లనుండి వీధికాలువలకు ఇటుకతూములు కట్టినవారున్నను, వారి విద్య వారితోనే అంతరించినది. ఇంగ్లండున 1596లో సర్ జాన్ హారింగ్టన్ అనునతడు నీటితో కడుగబడు దొడ్డిని గూర్చి హాస్యగ్రంథమొకటి వ్రాసెను. అందు యంత్రము కలదుగాని, క్రిందినుండి వచ్చు వాయువు నడ్డునట్టి ఉపాయము లేదు. ఆ యుపాయమును 1775లో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారములవాడు ప్రసిద్ధపఱచెను. గొట్టమును పామువలె వంచి, ఆ వంపున కొంత నీరు నిలుచునట్లు చేసెను. చేరెడు నీరు! మనువు విధించిన దూరమునకు బదులుగా గృహస్థునకును, కాలువకును నడుమ నిలిచినది ఆ చేరెడు నీరే.

ఐతే నీరు వంపును కాచునుగాని అతుకును కాయదు. అతుకు విడిన నేమగునో లండను నగరము 1854లో నేర్చినది. ఆ యేటి ఆగస్టు చివర బ్రాడ్ వీథి ప్రాంతమున కలరా చెలరేగి 600 మందికి పైగా చంపినది. డాక్టరు జాన్ స్నో ఇంటింటి మరణములను లెక్కించి, వీథిలోని చేతిపంపు నీరే మూలమని వాదించి, ఆ పంపు పిడిని తీయించెను. హెన్రీ వైట్‌హెడ్ అను యువపురోహితుడు తన పేటలోని జనులను ఎఱిగినవాడు, స్నోమాట నమ్మలేదు. అబద్ధమని నిరూపింపవలెనని తానే విచారణకు పూనుకొనెను. పూనుకొని, తానే నమ్మవలసినవాడయ్యెను. అందఱికంటె ముందు ఒక పసిబిడ్డకు అతిసారము కలిగెననియు, ఆ బిడ్డ గుడ్డలు కడిగిన నీటిని తల్లి ఇంటిముందరి మలకూపమున పోసెననియు అతనికి తెలిసినది. 1855లో త్రవ్వి చూడగా ఆ కూపమునకును, పంపుబావికిని నడుమ దూరము 3 అడుగులకు లోపే! ఇటుకల అతుకులు శిథిలమై, ఇందలి మురికి అందులోనికి ఊరుచున్నది. ప్రతిపక్షమును ఖండింపబోయి సత్యమును స్థాపించిన ఆ పురోహితుని తలచినపుడెల్ల, మా తర్కపాఠములకు అంతకంటె మంచి ఉదాహరణము లేదని నాకు తోచును.

అయినను ఆ కాలపు పెద్దలు నీటిని తప్పుపట్టలేదు; వాసననే తప్పుపట్టిరి. దుర్వాయువే రోగమని వారి సిద్ధాంతము. 1871లో వేల్సు యువరాజు స్కార్‌బరోలో ఒక ప్రభువింట బసచేసి వచ్చి టైఫాయిడు బారిన పడెను. అతడు బ్రదికెనుగాని, అదే యింట బసచేసిన ప్రభువొకడును, సేవకుడొకడును మరణించిరి. నింద ఆ యింటి మురుగుగొట్టములపై పడగా, ధనికులందఱు తమ తమ నేలలు త్రవ్వించి అతుకులు చూపించుకొనిరి. కలరాకు మూలము సూక్ష్మజీవి యని కోఖ్ పండితుడు 1884లో కలకత్తానుండి తెలిపిన పిమ్మట గాలివాదము క్రమముగా సడలినది. హేతువు తప్పు, చికిత్స ఒప్పు: వైద్యచరిత్రలో ఇట్టి విడ్డూరములు అరుదు కావు.

1880ల తరువాత కొయ్యపెట్టె లేకుండ తానే నిలుచు ఏకఖండ పింగాణిపీఠము వ్యాపించినది. చిక్కంతయు ఇచటనే కలదు. సీసమును సీసమునకు కరగించి అతుకవచ్చును, పింగాణిని దేనికతుకుదురు? మొదట లప్పమును, ఎఱ్ఱసీసమును మెత్తిరి. అవి యెండి బీటలు వాఱెను. సిమెంటు పెట్టినచో అది కదలదు, పింగాణి యొదగదు. భారము పడినపుడు రెంటిలో నొకటి పగులవలసినదే. అమెరికావారు వేఱుత్రోవ పట్టిరి. గొట్టపు మూతికి లోహపుటంచు తొడిగి, దానిని నేలకు మరలతో బిగించి, ఇరుప్రక్కల రెండు బోల్టులు నిలిపి, పైన మైనపు కడియముంచి, దానిపై పీఠమును దింపుదురు. పీఠపు బరువున మైనము నలిగి సందులన్నిటిని నింపును. మైనము ఎండదు, పగులదు; కాని నలిగినది మరల పొంగదు. కావున పీఠము ఒకసారి ఎత్తినచో క్రొత్త కడియము వేయవలసినదే.

ఇక ఎత్తు సంగతి. ఆ లోహపుటంచు సిద్ధమైన నేలపై కూర్చుండి, దానికంటె సుమారు పావు అంగుళము మీదుగా నుండవలెను. పాతనేలపై క్రొత్తపలకలు పఱచితిమా, అంచు పల్లమున పడును, మైనము పీఠమునందదు. పోసినప్పుడెల్ల కొంతనీరు ప్రక్కకు జాఱి, కంటబడకుండ నేలలోనికి దిగును. అందుకే అంచుపై అంచు చేర్చి ఎత్తు పెంచు కడియములు అమ్ముదురు. పలకలు వేయకమునుపే దీనిని కొలిచి చూడవలెను. నేను పలకల రంగును మాత్రమే చూచితిని.

గాలివాదము పూర్తిగా అసత్యమనుటకు వీలులేని సంఘటనమొకటి 2003 మార్చిలో హాంకాంగునందు జరిగినది. అమోయ్ గార్డెన్స్ అను మేడల సముదాయమున 300 మందికి పైగా సార్సు వ్యాధి సోకెను. విచారణలో తేలిన కారణములలో నొకటి యిది: స్నానపుగదుల నేలకాలువలందు వంపునీరు ఎండిపోయినది, గదిలో గాలి లాగు పంకా తిరుగునప్పుడు మురుగుగొట్టములోని తుంపరలు ఆ త్రోవనే లోనికి వచ్చినవి. కమింగ్ నిలిపిన చేరెడు నీరు అచట లేకపోయెను.

మా యింట పలకలు పగులగొట్టించి, గొట్టమును పొడిగించి, సిమెంటునకు మాఱుగా రబ్బరు తొడుగు వేయించితిని. పెఱికించుటకు వెఱచిన వ్యయము ఇంచుమించు రెట్టింపయ్యెను. బోల్టులు బిగించిన పిదప పనివాడు పది బకెట్లు పోయించి, క్రిందిగదిలో నిలిచి కప్పువంక చాలసేపు చూచెను. బిడ్డలు పట్టణములకు పోయినందున మేడమీద వాడుక తక్కువ. ప్రతి శనివారము నేను పైకి పోయి, ఆ గది నేలకాలువలో చెంబెడు నీళ్లు పోసివచ్చుచున్నాను.